పిల్లలతో అలాస్కా క్రూజ్: రేవుల్లో ఏ విహారం ఎంచుకోవాలి?

సియాటిల్ నుంచి బయల్దేరే 7 రాత్రుల అలాస్కా క్రూజ్‌లో ఓడ రేవుల్లో ఆగే గంటలన్నీ కూడితే ఇంచుమించు ఒకటిన్నర రోజు వస్తుంది. మిగతాదంతా సముద్రం, భోజనం, నిద్ర. ఆ ఒకటిన్నర రోజు కోసం క్రూజ్ సంస్థ వెబ్‌సైటు తెరిస్తే ఒక్క జూనో రేవుకే పదుల కొద్దీ షోర్ ఎక్స్‌కర్షన్లు, అంటే రేవులో దిగి చేసే విహారాలు, కనిపిస్తాయి. తిమింగలాలు, హెలికాప్టర్లు, హిమానీనదాలు, కుక్కలు లాగే బళ్లు, అడవిలో తాళ్ల మీద జారే ఆటలు. అన్నింటి కిందా ఒక ధర, అదీ మనిషికి. నలుగురున్న కుటుంబం రేవుకు ఒకటి చొప్పున ఆలోచించకుండా కొనేస్తే ఆ బిల్లు క్రూజ్ టికెట్లతో పోటీ పడుతుంది.

అమెరికాలో ఉంటూ, ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ఉన్న పిల్లలతో వెళ్లే తెలుగు కుటుంబాల కోసం ఈ మార్గదర్శి. ఈ వయసు పిల్లలు నడుస్తారు, ప్రశ్నలు అడుగుతారు, చెప్పింది గుర్తుపెట్టుకుంటారు. ఓర్పు మాత్రం అరువు తెచ్చుకున్నట్టే ఉంటుంది. అందుకే విహారం ఎంచుకునేటప్పుడు ధర కన్నా ముందు ఒక లెక్క చూడమంటాను: అందులో కూర్చునే సమయం ఎంత, చేసే సమయం ఎంత? ఐదు గంటల విహారంలో మూడు గంటలు బస్సు కిటికీ పక్కనే గడిచిపోతే, బయట ఎంత గొప్ప దృశ్యం ఉన్నా పిల్లలకు గుర్తుండేది బస్సే.

ముందుగా గంటల పట్టిక

కాగితం మీద ఒక్కో రేవుకు ఒక్కో గీత గీయండి. ఓడ వచ్చే సమయం, తిరిగి ఎక్కవలసిన ఆఖరి సమయం రాయండి. రెండోది ఓడ కదిలే సమయం కాదు. సాధారణంగా దానికి అరగంట ముందే తలుపులు మూస్తారు, కొన్ని సంస్థలు ఇంకా ముందే. ఓడ రేవుకు చేరగానే దిగనివ్వరు కూడా. తాళ్లు కట్టి, అధికారులు అనుమతించి, జనం వరుసలో కదిలే సరికి అరగంట నుంచి ముప్పావుగంట పోతుంది. ముందు ముప్పావుగంట, చివర గంట తీసేస్తే మిగిలిందే మీ సమయం. కెచికాన్‌లో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా ఓడ ఆగుతుందంటే, మీ చేతిలో ఉన్నవి నాలుగు గంటల పైచిలుకు మాత్రమే. అందులో నాలుగున్నర గంటల విహారం ఇరికించాలని చూడకండి.

గడియారం సంగతి ఇక్కడే రాసుకోండి. అలాస్కా సమయం సియాటిల్ కన్నా ఒక గంట వెనక. ఓడ తన గడియారాలను మారుస్తుంది, ఆ సంగతి రోజువారీ కార్యక్రమ పత్రంలో ఉంటుంది. ఫోను మాత్రం ఏ టవర్ దొరికితే దాని మాట వింటుంది, సముద్రం మీద ఏ మాటా వినదు. ఒకరి చేతికి మామూలు గడియారం పెట్టి, దాన్ని ఓడ సమయానికి సరిచేసి ఉంచండి.

ఓడ ఏ రేవుకట్టకు చేరుతుందో కూడా చూడాలి. కెచికాన్‌లో కొన్ని ఓడలు ఊరి నడిబొడ్డున ఆగుతాయి. కొన్ని ఊరికి 7 మైళ్ల ఉత్తరాన ఉన్న వార్డ్ కోవ్‌లో ఆగుతాయి, అక్కడి నుంచి షటిల్ బస్సు ఎక్కాలి. సిట్కాలోనూ పెద్ద ఓడలు ఆగే చోటు ఊరికి దూరం. రానూ పోనూ షటిల్ వరుసలకు ఒక గంట అదనంగా తీసేయండి.

పాస్‌పోర్టులు, వీసాలు

మన కుటుంబాల్లో ఇది పెద్ద చిక్కు. సియాటిల్ నుంచి వెళ్లే ఓడలన్నీ దాదాపుగా ఒక సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. అది పర్యాటకుల మీద ప్రేమతో కాదు. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవు నుంచి ప్రయాణికులను ఎక్కించుకుని మధ్యలో ఏ విదేశీ రేవునూ తాకకుండా తిప్పడం కుదరదు. క్రూజ్ ఓడల్లో చాలా భాగం విదేశీ జెండావే. అందుకని విక్టోరియా.

ఒకే గదిలో పిల్లలు అమెరికా పౌరులు, తల్లిదండ్రులు హెచ్-1బి, హెచ్-4 మీద, తాతయ్య, అమ్మమ్మ సందర్శక వీసా మీద ఉండటం మనకు మామూలే. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి అమెరికా గ్రీన్‌కార్డు లేకపోతే కెనడా సందర్శక వీసా కావాలి. విక్టోరియాలో దిగం, ఓడలోనే ఉంటాం అంటే కుదరదు. పత్రాలు సరిగ్గా లేకపోతే సియాటిల్‌లోనే ఓడ ఎక్కనివ్వరు. తిరిగి అమెరికాలోకి రావడానికి వీసా, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే పత్రం) గడువులు ఎలా ఉన్నాయో కూడా విడివిడిగా సరిచూసుకోవాలి. కెనడా వీసాకు వారాలు పట్టవచ్చు. విహారాల సంగతి తేల్చుకునేది అది చేతికొచ్చాకే.

స్కాగ్‌వే రేవు నుంచి కెనడాలోని యూకాన్ వైపు వెళ్లే విహారాలకూ ఇదే వర్తిస్తుంది. వేలాడే వంతెన, ఎమరాల్డ్ లేక్, కార్‌క్రాస్ అని పేర్లు కనిపిస్తే అవి సరిహద్దు అవతల ఉన్నాయని అర్థం. పాస్‌పోర్టు, అవసరమైనవారికి కెనడా వీసా చేతిలో ఉండాలి.

కుటుంబం కొలతలు

పిల్లల బరువు, ఎత్తు, వయసు రాసి పెట్టుకోండి. జిప్‌లైన్ (తాడు మీద జారే ఆట), కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ), హెలికాప్టర్ లాంటివాటిలో కనీస వయసో, కనీస బరువో ఉంటుంది. కొన్నింట గరిష్ఠ బరువూ ఉంటుంది, అది నాన్నకు తగలవచ్చు. మనలో సన్నగా ఉండే పిల్లలు వయసు సరిపోయినా బరువు దగ్గర ఆగిపోతారు. అన్నయ్యకు అవకాశం దొరికి చెల్లి ఒడ్డున నిలబడే విహారం కొనే ముందు, ఆ రెండు గంటలు చెల్లితో ఎవరుంటారో, ఏం చేస్తారో తేల్చుకోండి. ఇద్దరు పెద్దలు రెండు జట్లుగా విడిపోవడం తప్పేమీ కాదు. పన్నెండేళ్లవాడికి కయాక్, ఏడేళ్ల పిల్లకు కుక్కపిల్లలు. మధ్యాహ్నం ఓడలో కలుసుకుంటే చెప్పుకోవడానికి ఇద్దరికీ కబుర్లుంటాయి.

బస్సులో, పడవలో ఎవరికి తిప్పుతుందో ముందే తెలుసు కదా, అది కూడా రాయండి. పెద్దవాళ్లు వస్తుంటే వారు ఎన్ని మెట్లు ఎక్కగలరో, ఎంతసేపు నిలబడగలరో నిజాయితీగా అడగండి. "నాకేం ఫరవాలేదు, మీరు కానివ్వండి" అన్న జవాబును జవాబుగా లెక్కపెట్టకండి.

వివరణ చదివే పద్ధతి

క్రూజ్ సంస్థ రాసే వివరణలో విశేషణాలు వదిలేసి ఐదు సంగతులు వెతకండి. మొదటిది సమయం. "3 గంటల 30 నిమిషాలు" అంటే రేవుకట్ట మీద గుమిగూడిన క్షణం నుంచి తిరిగి దిగబెట్టే దాకా. జూనోలో తిమింగలాల పడవలు బయల్దేరే ఆక్ బే ఊరికి 12 మైళ్ల దూరం, రానూ పోనూ బస్సు. మూడున్నర గంటల్లో నీటి మీద ఉండేది రెండు గంటలు కావచ్చు. ఆ సంఖ్య వివరణలో లేకపోతే ఓడలోని ఎక్స్‌కర్షన్ డెస్కునో, నడిపే కంపెనీనో అడగండి.

రెండోది మరుగుదొడ్డి. నవ్వకండి. తిమింగలాల పడవల్లో సాధారణంగా ఉంటుంది, వైట్ పాస్ రైలు పెట్టెల్లో ఉంటుంది. నీటి మీద దిగే చిన్న విమానంలో ఉండదు. మూడోది భోజనం. కెచికాన్‌లో పీతల విందు, జూనోలో నిప్పుల మీద కాల్చిన సాల్మన్ విందు పేరున్న విహారాలు. శాకాహారులకు అక్కడ సలాడు, రొట్టె, బంగాళదుంప లాంటివే మిగులుతాయి, ధర మాత్రం పీతలదే. ఇంట్లో సగం మంది చేప ముట్టనివారైతే భోజనం లేని విహారం తీసుకుని, ఓడలో బాగా తిని దిగడం మేలు. పళ్లు, వండిన పదార్థాలు ఓడ దాటించనివ్వరు. సీలు తీయని ప్యాకెట్లకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. ఇంటి నుంచి తెచ్చిన జంతికలైనా కంపెనీ ప్యాకింగ్‌లో ఉంటే గొడవ లేదు.

నాలుగోది, అక్కడ పిల్లలు చేతులతో చేసే పని ఏదైనా ఉందా అన్నది. బంగారం కోసం ఇసుక కడగడం, కుక్కపిల్లను ఎత్తుకోవడం, తెడ్డు వేయడం. "దృశ్యాలను ఆస్వాదించండి" అని మాత్రమే ఉంటే అది పెద్దల విహారం. ఐదోది రద్దు నిబంధన. వాతావరణం బాగోలేక వారే రద్దు చేస్తే డబ్బు తిరిగి వస్తుంది. మీరు మానుకుంటే గడువు వేరు, అది సంస్థను బట్టి, విహారాన్ని బట్టి మారుతుంది.

ఓడ దగ్గర కొనాలా, బయట కొనాలా

ఓడ దగ్గర కొన్న విహారం ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా మిమ్మల్ని తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత సంస్థ తీసుకుంటుంది. బయట కొంటే సాధారణంగా చవక, గుంపు చిన్నది, కానీ ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగదు. జూనోకు బయటి ఊళ్ల నుంచి రోడ్డు లేదు. విమానమో, ఫెర్రీయో. ఓడ వెళ్లిపోతే నలుగురికి టికెట్లు, రాత్రికి హోటలు, అన్నీ మీ జేబులోంచే.

దీనికి నేను పాటించే పద్ధతి సులువు. ఏదైనా తేడా వస్తే పిల్లల చేయి పట్టుకుని ఓడ దాకా నడిచి రాగలిగే చోటైతే బయట కొంటాను. తిరిగి రావడానికి ఒకే బస్సు, ఒకే పడవ, ఒకే విమానం మీద ఆధారపడితే ఓడ దగ్గరే కొంటాను. తిమింగలాల పడవ ఒక్కటే ఈ గీతకు మధ్యలో నిలబడుతుంది. జూనోలో ఏళ్ల తరబడి నడుస్తున్న స్థానిక పడవల కంపెనీలకు ఏ ఓడ ఎప్పుడు కదులుతుందో కంఠతా వచ్చు. ఓడ కదలడానికి మూడు గంటల ముందు తిరిగి వచ్చే ట్రిప్పు దొరికితే అక్కడ బయట కొనడంలో నాకు అభ్యంతరం లేదు. చిన్న పడవలో పిల్లలకు రెయిలింగ్ పక్కన చోటు దొరుకుతుంది. నూరుమందికి పైగా ఎక్కే పడవలో ఎదుటివారి జాకెట్టు వీపు కనిపిస్తుంది.

బయట టాక్సీ, వ్యాన్ మాట్లాడుకుంటే చిన్న పిల్లలకు బూస్టర్ సీటు ఉందో లేదో ముందే అడగండి. రేవుకట్ట మీద నిలబడి అడిగితే జవాబు "లేదు" అనే వస్తుంది.

జూనో

ఈ యాత్రలో డబ్బు పెట్టదగిన విహారం ఒక్కటే ఎంచుకోమంటే, పిల్లలతో వెళ్లేవారికి నా ఓటు జూనోలో తిమింగలాలకే. హంప్‌బ్యాక్ తిమింగలాలు చలికాలం ఎక్కువగా హవాయి వెచ్చటి నీళ్లలో గడిపి, వేసవిలో తిండి కోసం ఈ చల్లటి నీళ్లకు వస్తాయి. మన పిల్లల సెలవులు జూన్ నుంచి ఆగస్టు దాకా, వాటి భోజన కాలమూ అదే. ఆక్ బే చుట్టుపక్కల నీళ్లు దీవుల చాటున ఉంటాయి కాబట్టి బయటి సముద్రమంత ఊపు ఉండదు. తిప్పే అలవాటున్న పిల్లలకు మాత్రం డాక్టరును అడిగి మందు వెంట ఉంచుకోండి.

పిల్లలకు ముందే చెప్పవలసినది ఒకటుంది. అలాస్కాలో పడవలు హంప్‌బ్యాక్‌కు 100 గజాల దూరం పాటించాలని కేంద్ర ప్రభుత్వ నిబంధన. టీవీలో చూసినట్టు తిమింగలం ముక్కు మీదికి రాదు. మొదట కనిపించేది దూరాన ఆవిరి చిమ్మిన తెల్లటి పొగ, తర్వాత నల్లటి వీపు, ఆ తర్వాత లోతుకు మునిగే ముందు లేచే తోక. తోక అడుగున ఉండే నలుపు తెలుపుల మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, వాటిని చూసే శాస్త్రవేత్తలు ఒక్కోదాన్నీ గుర్తుపడతారు. ఈ సంగతి తెలిసిన పిల్లలు తోక లేచిన ప్రతిసారీ మచ్చలు వెతుకుతారు, దూరం గురించి పేచీ పెట్టరు. అదృష్టం బాగుంటే గుంపుగా వేటాడటం కనబడుతుంది. తిమింగలాలు కింద చుట్టూ తిరుగుతూ బుడగలు వదిలి చేపలను వలయంలో బంధిస్తాయి. నీటి పైన పక్షులు ఒకచోట గోల చేయడం మొదలుపెడతాయి, మరుక్షణం అక్కడే అరడజను నోళ్లు ఒక్కసారి పైకి లేస్తాయి. ఒక జత బైనాక్యులర్లు ఇద్దరు పిల్లలకు చాలవు. రెండు కొనండి.

రెండో ఎంపిక మెండెన్‌హాల్ హిమానీనదం. ఊరికి 12 మైళ్ల దూరం. అక్కడి సందర్శక కేంద్రం 1962 నాటిది. దాని దగ్గర నుంచి నగెట్ జలపాతానికి రానూ పోనూ దాదాపు 2 మైళ్ల చదునైన బాట ఉంది. 377 అడుగుల నుంచి పడే నీటి తుంపర మొహానికి కొట్టేంత దగ్గరగా వెళ్లవచ్చు. ఆరేళ్ల పిల్లలు కూడా నడిచేస్తారు. పక్కనే స్టీప్ క్రీక్ మీద చెక్క బాట ఉంది, జూలై రెండో సగం నుంచి సాల్మన్ చేపలు ఎగువకు ఈదే కాలంలో నల్ల ఎలుగుబంట్లు కిందే తిరుగుతుంటాయి. అందుకే అక్కడ తినుబండారాలకు గట్టి కట్టుబాట్లున్నాయి, సంచిలో చిరుతిళ్లు లేకుండా వెళ్లండి. వాణిజ్య బస్సులకు పరిమితి ఉన్నందున రద్దీ రోజుల్లో సీట్లు అయిపోతాయి, ముందే కొనుక్కోవాలి. తిమింగలాలూ హిమానీనదమూ కలిపిన విహారం ఆరు గంటల్లోపు దొరికితే, రెండు విడివిడి బస్సులు ఎక్కే బాధ తప్పుతుంది.

హెలికాప్టర్‌లో మంచు మీద దిగడం చాలామంది కల. ధర మనిషికి మూడు నాలుగు వందల డాలర్ల పైమాటే, మబ్బు కిందికి దిగితే రద్దు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు అది దండగ అని నా అభిప్రాయం. పదమూడేళ్ల కూతురు, అమ్మ ఇద్దరే వెళ్లి, తమ్ముడు నాన్నతో రేవుకట్ట పక్కనే ఉన్న రోప్‌వేలో 1,800 అడుగుల ఎత్తుకు వెళ్లి అడవి బాటలో తిరిగితే లెక్క సరిపోతుంది. రోప్‌వే టికెట్టు మాత్రం పైన మబ్బు లేదని కళ్లతో చూశాకే కొనండి.

స్కాగ్‌వే

ఇక్కడ వైట్ పాస్ రైలు. 1898లో మొదలుపెట్టి 1900కల్లా పూర్తిచేసిన మూడడుగుల నేరోగేజి లైను. సముద్ర మట్టం నుంచి 20 మైళ్లలో 2,865 అడుగుల ఎత్తుకు ఎక్కుతుంది. శిఖరం దాకా వెళ్లి తిరిగి రావడానికి రెండున్నర నుంచి మూడు గంటలు. మధ్యలో దిగేది లేదు కాబట్టి ఈ ప్రయాణానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, సరిహద్దు దాకా వెళ్లినా.

నా కొలత ప్రకారం చూస్తే ఇది కూర్చునే విహారం. అయినా వదలమనను, రెండు కారణాలతో. పెట్టెకు చివర బయట నిలబడే చోటు ఉంటుంది, పెద్దలు పక్కన ఉంటే పిల్లలు అక్కడ గాలిలో నిలబడి సొరంగంలోకి దూరే ఇంజన్‌ను చూడవచ్చు. రెండోది కథ. కెనడాలోని క్లోండైక్‌లో బంగారం ఉందని తెలిసి 1897-98లో వేలమంది ఈ కొండలెక్కారు. ఏడాదికి సరిపడా సామాను, దాదాపు టన్ను బరువు, వెంట ఉంటే తప్ప కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు కాదు. ఒకేసారి మోయలేరు కాబట్టి కొంచెం మోసి, దింపి, వెనక్కి వెళ్లి, మళ్లీ మోసేవారు. ఈ దారిలో 3,000 గుర్రాలు చచ్చిపోయాయి, ఆ లోయకు చచ్చిన గుర్రాల లోయ అనే పేరు నిలిచిపోయింది. ఈ కథ ముందు రాత్రి ఓడలో చెప్పి ఉంచండి. పైకి వెళ్లేటప్పుడు ఎడమ వైపు కూర్చుంటే లోయ బాగా కనబడుతుంది, తిరుగు ప్రయాణంలో సీట్లు మార్చుకోమంటారు.

రైలు వద్దనుకుంటే వేసవి శిక్షణ శిబిరంలో చక్రాల బండికి కట్టిన కుక్కల జట్టుతో ఒక చుట్టు, ఆ తర్వాత కుక్కపిల్లలు. మంచు మీద లాగే కుక్కలు కావాలంటే మళ్లీ హెలికాప్టరే, మళ్లీ ఆ ధరే. చక్రాల బండిలో కుక్కల కేకలు, లాగే బలం, మీద చిమ్మే బురద అన్నీ అసలైనవే. పదేళ్ల లోపువారికి మంచు లేని లోటు తెలియదు.

డబ్బు పెట్టకుండా కూడా స్కాగ్‌వేలో పూట గడుస్తుంది. ఊరు చిన్నది, రేవు నుంచి నడిచి రావచ్చు. క్లోండైక్ గోల్డ్ రష్ జాతీయ చారిత్రక ఉద్యానం కేంద్రం ఊళ్లోనే ఉంది. అక్కడ పిల్లలకు జూనియర్ రేంజర్ పుస్తకం ఉచితంగా ఇస్తారు. పనులు పూర్తిచేసి తెస్తే రేంజర్ ఎదుట చేయెత్తి ప్రమాణం చేయించి బ్యాడ్జీ ఇస్తారు. వందల డాలర్ల విహారం కన్నా ఆ బ్యాడ్జీనే పిల్లలు చొక్కాకు తగిలించుకుని తిరుగుతారు.

కెచికాన్, మిగిలిన చోట్లు

కెచికాన్‌లో ఏటా సగటున 150 అంగుళాల వాన పడుతుంది. హైదరాబాద్ ఏడాది వానకు నాలుగింతల పైమాట. ఇక్కడ కొనే విహారం వానలోనూ నడిచేదై ఉండాలి. రేవుకు నడక దూరంలో కలప కొట్టేవారి ప్రదర్శన ఉంది. గొడ్డళ్లు విసరడం, స్తంభాలెక్కడం, నీటిలో దుంగ మీద ఒకరినొకరు పడగొట్టుకోవడం. గంటసేపు, పైన కప్పు ఉంటుంది, పిల్లలను రెండు జట్లుగా విడగొట్టి అరవమంటారు. పెద్దలకు కొంచెం నాటకీయంగా అనిపించినా పిల్లలకు నచ్చకపోవడం అరుదు. బయట కొనుక్కుంటే సరిపోతుంది.

తర్వాత వాగు మీద కట్టెలపై నిలబెట్టిన క్రీక్ స్ట్రీట్‌కు నడవండి. జూలై, ఆగస్టుల్లో వాగు నిండా సాల్మన్ చేపలు ఒకదాని మీద ఒకటి పడుతూ ఎదురీదుతుంటాయి. కొంచెం పైకి వెళ్తే అవి రాళ్ల మీదికి ఎగిరి, కింద పడి, మళ్లీ ఎగరడం కనబడుతుంది. ఇది పూర్తిగా ఉచితం, పిల్లలు ఇక్కడి నుంచి కదలరు. ఆ వీధి 1950ల దాకా వేశ్యావాటిక. అక్కడి మ్యూజియం ఆ చరిత్ర గురించే. బోర్డులు చదవడం వచ్చిన పిల్లలతో వెళ్లేవారు జవాబు ముందే సిద్ధం చేసుకోండి.

టోటెమ్ స్తంభాలు (స్థానిక తెగలవారు బొమ్మలు చెక్కిన కలప స్తంభాలు) చూడాలంటే రెండున్నర మైళ్ల దూరంలో సాక్స్‌మన్ గ్రామం, 10 మైళ్ల దూరంలో టోటెమ్ బైట్ ఉద్యానం. నాలుగు గంటల రేవులో రెండూ పెట్టుకోకండి. ఊళ్లోని టోటెమ్ హెరిటేజ్ సెంటర్‌లో 19వ శతాబ్దపు అసలు స్తంభాలున్నాయి, వానపడితే అదే మంచిది.

మీ ఓడ గ్లేసియర్ బేలోకి వెళ్తే ఆ రోజు కొనవలసింది ఏమీ లేదు. ఓడ ఏ రేవులోనూ ఆగదు, జాతీయ ఉద్యానం రేంజర్లే ఓడలోకి వస్తారు, జూనియర్ రేంజర్ పుస్తకాలూ ఇస్తారు. 1794లో బ్రిటిష్ నావికుడు జార్జ్ వాంకూవర్ బృందం వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపు ముఖద్వారం దాకా మంచుతో నిండి ఉంది. ఇప్పుడు మంచు 65 మైళ్లు వెనక్కి పోయింది. ఆ 65 మైళ్లనూ ఓడ దాటే లోగా పిల్లలను డెక్కు మీదికి తీసుకురండి. హూనా దగ్గరి ఐసీ స్ట్రెయిట్ పాయింట్‌లో ఓడ ఆగితే పెద్ద జిప్‌లైన్ ఉంది, బరువు నిబంధన చూసుకోండి. సిట్కాలో గద్దల చికిత్సా కేంద్రం, టోటెమ్ ఉద్యానం చాలు.

విక్టోరియాకు ఓడ చాలావరకు రాత్రి 8 ప్రాంతాల వస్తుంది. పిల్లలు అలసిపోయి ఉంటారు. బుచార్ట్ తోటలకు ఆ వేళ బస్సులో వెళ్లి రావడం నిద్రపోయే పిల్లలను మోసుకు తిరగడమే. అరగంట నడిస్తే దీపాలతో మెరిసే పార్లమెంటు భవనం కనబడుతుంది, ఒక ఐస్‌క్రీం తిని వెనక్కి రండి.

ఏది ముందు కొనాలి

యాత్రంతటికీ ఒక పెద్ద విహారం, ఒక మధ్యరకం, మిగిలిన రేవుల్లో నడక. పిల్లలున్న కుటుంబాలకు ఇంతకు మించి నేను చెప్పను. పెద్దదీ మధ్యరకమూ వరుసగా రెండు రోజులు పెట్టకండి. మొదట తేల్చుకోవలసింది సీట్లు తక్కువుండేది: చిన్న పడవ, కయాక్, హెలికాప్టర్, రైలు. క్రూజ్ ఖరారైన వెంటనే వెతకడం మొదలుపెట్టండి. చాలా సంస్థలు ఓడ ఎక్కకముందు కొన్నవారికి తక్కువ ధర ఇస్తాయి, గడువులోగా రద్దు చేస్తే డబ్బు తిరిగి ఇస్తాయి. అంటే ముందే కొని, ధర తగ్గితే రద్దు చేసి మళ్లీ కొనవచ్చు. ప్రదర్శన, రోప్‌వే, మ్యూజియం లాంటివి ఆ ఉదయం ఆకాశం చూసి తేల్చుకోండి.

పిల్లలకు జాబితా మొత్తం చూపించకండి, హెలికాప్టర్ దగ్గర ఆగిపోతారు. మీకు సమ్మతమైన రెండింటిని ముందు పెట్టి ఎంచుకోమనండి. తాను ఎంచుకున్న విహారంలో వాన పడితే పిల్లవాడు సర్దుకుపోతాడు, మీరు ఎంచుకుంటే ఆ వాన మీ వల్లే పడినట్టు చూస్తాడు.

దిగే రోజు

ముందు రాత్రి సంచి సర్దేయండి. నీళ్లు పట్టని జాకెట్టు, దాని లోపల పలుచటి పొరలు రెండు మూడు, మార్చుకోవడానికి మేజోళ్లు. గొడుగు పడవ మీద పనికిరాదు. జూలైలోనూ నీటి మీద చలి పుడుతుంది, పిల్లలకు చేతి తొడుగులు, టోపీ ఉంచండి. ఓడ కార్డులు పెద్దల దగ్గరే పెట్టుకోండి. రోజువారీ పత్రంలో ఆ రేవులోని ఏజెంటు ఫోను నంబరు ఉంటుంది, దాని ఫొటో తీసుకోండి. ఆలస్యం తప్పదనిపిస్తే ఫోను చేయవలసింది ఆ నంబరుకే, ఎంత ముందు చేస్తే అంత మంచిది. పాస్‌పోర్టులు ఓడ గదిలో ఉంచితే వాటి ఫొటోలు ఫోనులో ఉండాలి. ఓడ కదిలాక ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టకపోతే సముద్రం మీది నెట్‌వర్కు బిల్లు ఇంకో విహారమంత రావచ్చు.

విహారం ఆ ఉదయం రద్దయితే డెస్కు దగ్గర వరుసలో నిలబడి ఇంకొకటి ఏది దొరికితే అది కొనకండి. హెలికాప్టర్ ఎగరని రోజున మిగిలిన సీట్లన్నీ నిమిషాల్లో అమ్ముడుపోతాయి, మిగిలేవి ఎవరికీ అక్కర్లేనివి. ప్రతి రేవుకూ ఒక ఉచిత ప్రణాళిక కాగితం మీద రాసి ఉంచుకోండి: జూనోలో రేవుకట్ట దగ్గరి వీధులు, స్కాగ్‌వేలో జూనియర్ రేంజర్ పుస్తకం, కెచికాన్‌లో సాల్మన్ వాగు. అదీ వద్దని పిల్లలు మొరాయిస్తే, రేవు రోజున ఓడలో ఈత కొలను దాదాపు ఖాళీగా ఉంటుంది.